విటమినే కదా: ఒక టీచరుగారి అరికాళ్ళు, రెండు రకాల మంటలు

ఈ కేసులో నా పొరపాటు కూడా ఉంది. రాయాలనిపించడానికి సగం కారణం అదే. పేషెంటుని అడిగే రాస్తున్నాను. ఆవిడని గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను, వైద్యానికి సంబంధించినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

ఆవిడకి 63 ఏళ్ళు. ప్రైమరీ స్కూల్లో పనిచేసి రిటైరై ఏడాది అయింది. జూన్ నెలలో భర్త చెయ్యి పట్టుకుని వచ్చారు. కూర్చోగానే చెప్పిన మొదటి మాట నొప్పి గురించి కాదు, చెప్పు గురించి.

"చెప్పు ఎక్కడ జారిపోయిందో తెలీట్లేదండీ. గుమ్మంలోకి వచ్చి చూసుకుంటే ఒక కాలికే ఉంటోంది."

రెండేళ్ళుగా అరికాళ్ళ మంటలు. రాత్రయితే పాదాలు పొయ్యి మీద పెట్టినట్టుంటుందని తడిగుడ్డ చుట్టుకుని పడుకుంటున్నారు. తిమ్మిర్లు మోకాళ్ళ దాకా పాకాయి. పొద్దున మొహం కడుక్కునేటప్పుడు సబ్బు నురగకి కళ్ళు మూస్తే ముందుకి తూలుతున్నారు, అందుకని ఒక చేత్తో కుళాయి పట్టుకుని రెండో చేత్తో కడుక్కుంటున్నారట. ఈ ఒక్క మాటతోనే, ఇది బీ12 విటమిను లోపమేమోనన్న నా అనుమానం సగం గట్టిపడింది. పాదాలు ఎక్కడున్నాయో మెదడుకి చెప్పే నరాలు దెబ్బతింటే మనిషి కళ్ళతో నిలబడతాడు. కళ్ళు మూశాడా, ఇక నిలబడలేడు.

"రిటైరైన దగ్గర్నుంచీ ఇంతేనండీ. ఊరికే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. టీవీ కూడా చూడదు" అన్నారు భర్త. ఇంట్లోవాళ్ళు దాన్ని రిటైర్మెంటు దిగులు అనుకున్నారు. అంతకుముందు చూసిన ఒక డాక్టరూ అలాగే అనుకుని దిగులు తగ్గించే మందు ఎస్సిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాములు రాశారు. ఎనిమిది నెలలుగా వాడుతున్నారు. ఏడుపు కొంచెం తగ్గింది, మనసు మాత్రం ఏ పని మీదకీ పోవట్లేదు. మంటలకి ఇంకొకరు ప్రీగాబాలిన్, నార్ట్రిప్టిలిన్ కలిసిన మాత్ర ఇచ్చారు. "షుగరు నరాలమ్మా, సర్దుకుపోవాలి" అన్నారట.

మందుల జాబితా అడిగితే భర్త జేబులోంచి మడతలు పడ్డ కాగితం తీశారు. మెట్‌ఫార్మిన్ (షుగరు మందు) 1000 మిల్లీగ్రాములు పూటకొకటి, రోజుకి రెండు పూటలా, 11 ఏళ్ళుగా. పాంటాప్రజోల్ అనే గ్యాస్ మాత్ర రోజూ పరగడుపున, నాలుగేళ్ళుగా. అది ఎందుకు మొదలైందో ఇద్దరికీ గుర్తులేదు. ఎప్పుడో రక్తం తక్కువగా ఉందని ఎవరో రాసిన ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు, ఆరేళ్ళుగా. "అది విటమినే కదండీ, అందుకని ఆపలేదు."

పుట్టుకతో శాకాహారి. పాలు ఎంత తాగుతారని అడిగితే, అర లీటరు ప్యాకెట్టు ఇద్దరికీ కాఫీలకీ తోడుకీ సరిపోతుందన్నారు. మజ్జిగ పల్చగా. బీ12 మనకి వచ్చేది జంతు సంబంధమైన ఆహారంలోంచే. పెద్దవాళ్ళకి రోజుకి కావలసింది రెండు మైక్రోగ్రాముల పైచిలుకు. గ్లాసు పాలల్లో సుమారు ఒక మైక్రోగ్రాము ఉంటుంది. ఆవిడ వంతుకి వచ్చే పాలల్లో ఎంత ఉంటుందో లెక్క కట్టుకోవచ్చు. ఆ వచ్చిన కాస్తనీ ఆహారంలోని ప్రొటీను నుంచి విడదీయడానికి కడుపులో ఆమ్లం కావాలి, దాన్ని పాంటాప్రజోల్ తగ్గిస్తోంది. విడిపడ్డాక చిన్నపేగు చివరి భాగంలో కాల్షియం సాయంతో రక్తంలోకి వెళ్ళాలి, ఆ పనికి మెట్‌ఫార్మిన్ అడ్డుపడుతుంది. మూడు గేట్లూ ఒకేసారి మూసుకున్నాయన్నమాట. మాంసాహారులకి ఈ గొడవ ఉండదనుకోవద్దు. మెట్‌ఫార్మిన్ డోసు పెరిగేకొద్దీ, ఏళ్ళు గడిచేకొద్దీ వాళ్ళలోనూ బీ12 తగ్గుతుంది.

పరీక్షలు

128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కు మోగించి కాలి బొటనవేలి మీద పెట్టాను. తెలియలేదు. చీలమండ మీదా తెలియలేదు. మోకాలి చిప్ప మీద "ఏదో జుమ్మంటోంది" అన్నారు. కళ్ళు మూయించి బొటనవేలు పైకి లేపాను, కిందకి వంచాను. పదిసార్లలో నాలుగు తప్పు చెప్పారు. పాదాలు దగ్గరగా పెట్టి కళ్ళు మూసి నిలబడమంటే మూడో క్షణానికి పక్కకి ఒరిగారు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి సరిపోయింది.

చీలమండ రిఫ్లెక్సులు, అంటే సుత్తితో తడితే కాలు తనంతట తనే ఎగరడం, లేవు. మోకాళ్ళవి మాత్రం మామూలు కంటే ఎక్కువగా ఎగిరాయి. ఇక్కడే ఆగి ఆలోచించాలి. ఒక్క షుగరు వల్లే నరాలు దెబ్బతింటే మోకాలి రిఫ్లెక్సు తగ్గాలి, లేదా ఉన్నట్టే ఉండాలి. పెరిగిందంటే దెబ్బ కాళ్ళ నరాలతో ఆగలేదు, వెన్నుపాములోకీ వెళ్ళింది. మెడ ఎంఆర్‌ఐలో వెన్నుపాము వెనక భాగంలో తలకిందులైన వీ అక్షరంలా తెల్లటి గుర్తు కనిపించింది.

బీ12 మిల్లీలీటరుకి 118 పికోగ్రాములు. 200 కంటే తక్కువైతే లోపమే. బీ12 తగ్గితే రక్తంలో పెరిగే హోమోసిస్టిన్ 41, ఉండాల్సింది 15 లోపు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, థైరాయిడ్ బాగానే ఉన్నాయి. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు చెప్పేది) 7.0, పదకొండేళ్ళ షుగరుకి చెడ్డదేం కాదు. దిగులు ఎంతుందో కొలిచే పీహెచ్‌క్యూ-9లో 27కి 17 వచ్చింది. నొప్పి పదికి ఎనిమిది.

హిమోగ్లోబిన్ 12.1. ఎర్రకణాల సైజు చెప్పే ఎంసీవీ 93, పూర్తిగా నార్మల్. బీ12 ఇంత తగ్గితే ఎర్రకణాలు ఉబ్బాలి కదా, ఎందుకు ఉబ్బలేదు? జవాబు ఆ మడతల కాగితంలోనే ఉంది: ఫోలిక్ యాసిడ్.

ఈ ముడి వెనక మనవాడి కథ ఒకటుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములిద్దర్ని స్ప్రూ అనే పేగుల వ్యాధికి పోగొట్టుకున్నారు, తనూ దాని బారిన పడి లేచారు. తర్వాత అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. అది స్ప్రూ రక్తహీనతకి పనిచేసింది. పెర్నీషియస్ అనీమియా అనే ఇంకో రకం రక్తహీనతకీ ఇచ్చి చూశారు. రక్తం కళకళలాడింది, కానీ నరాల జబ్బు ఆగలేదు, కొందరిలో ముదిరింది. అక్కడ లోపించింది ఫోలిక్ కాదు, ఇంకొకటి. ఆ ఇంకొకదాన్ని, అంటే బీ12ని, విడదీసింది 1948లో. సుబ్బారావు కన్నుమూసిన సంవత్సరమూ అదే.

అసలు మెలిక ఇది. బీ12 లేకపోతే శరీరంలో ఉన్న ఫోలేటు (ఫోలిక్ యాసిడ్ సహజ రూపం) వాడుకకి రాని రూపంలో ఇరుక్కుపోతుంది. బయటి నుంచి ఫోలిక్ యాసిడ్ మాత్ర పడితే రక్తకణాల తయారీకి పక్కదారి దొరుకుతుంది, నరాలకి దొరకదు. దాంతో రక్తం రిపోర్టు చూసినవాళ్ళంతా ఆరేళ్ళపాటు "బాగానే ఉందమ్మా" అన్నారు. అబద్ధం చెప్పింది రిపోర్టు కాదు, దాన్ని కప్పిన మాత్ర.

మనసుకీ దీనికీ ఏమిటి సంబంధం

బీ12 చేసే పనుల్లో ఒకటి హోమోసిస్టిన్‌ని మిథియోనిన్‌గా మార్చడం. మిథియోనిన్ నుంచి తయారయ్యే ఎస్-అడినోసిల్ మిథియోనిన్, మెదడులో మిథైల్ గుంపులనే చిన్న రసాయన ముక్కలు పంచిపెట్టే సరుకుల కొట్టు లాంటిది. నరాల మీద మైలిన్ పూతకీ, మెదడులో కబుర్లు మోసే సెరటోనిన్, డోపమిన్, నారడ్రినలిన్‌ల లావాదేవీలకీ అక్కణ్ణుంచే సరుకు వెళ్ళాలి. కొట్టు ఖాళీ అయితే పూత పలచబడుతుంది. పూత పోయిన నరం, తొడుగు ఊడిన కరెంటు తీగలాగా పనిలేకుండానే నిప్పులు రాలుస్తుంది. మంట అదే. మనసు మందగించడమూ అక్కణ్ణుంచే కావచ్చు. ఈ రెండో మాటని 'కావచ్చు' దగ్గరే ఆపుతున్నాను. హోమోసిస్టిన్ తగ్గినంత మాత్రాన దిగులు తగ్గిపోతుందని చెప్పే ధైర్యం నాకు లేదు.

బీ6 సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. శరీరంలో అది పిరిడాక్సల్ ఫాస్ఫేటుగా మారి, సెరటోనిన్, డోపమిన్ తయారయ్యే చివరి మెట్టులో ఎంజైముకి తోడుంటుంది. మెదడుని ఉరకలెత్తించే గ్లుటమేటుని, శాంతపరిచే గాబాగా మార్చేటప్పుడూ అదే తోడు. కొందరు పసిపిల్లలకి పుట్టిన గంటల్లోనే మూర్ఛలు మొదలై ఏ మందుకీ లొంగవు. పిరిడాక్సిన్, అంటే బీ6, సూది పడగానే నిమిషాల్లో ఆగిపోతాయి. ఒక విటమిను మెదడులో ఏం చేస్తుందో ఇంతకంటే కళ్ళకి కట్టే ఉదాహరణ నేను చూడలేదు. టీబీకి ఐసోనియాజిడ్ వాడేవాళ్ళకి బీ6 మాత్ర కూడా ఇచ్చేది ఇందుకే. ఆ మందు బీ6ని తినేసి అరికాళ్ళ మంటలు తెస్తుంది.

మరి లోపం లేనివాళ్ళకి ఇవి మూడ్ మాత్రలుగా పనికొస్తాయా? బ్రిటన్‌లో రెడింగ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2022లో ఒక అధ్యయనం ప్రచురించారు. యువతకి నెలపాటు రోజుకి 100 మిల్లీగ్రాముల బీ6 ఇస్తే ఆందోళన కొంత తగ్గినట్టు మాత్ర వాడినవాళ్ళే చెప్పుకున్నారు. బీ12 ఇచ్చినవాళ్ళలో అంత తేడా లేదు. గుర్తుంచుకోవాల్సినవి రెండు: యువత, ఒక్క నెల. ఈ వార్తే తర్వాత మన కథలోకి ఇంకో దారిన వచ్చింది.

చికిత్స, నేను చేసిన తప్పు

హైడ్రాక్సోకోబాలమిన్ (బీ12లో ఒక రూపం) 1000 మైక్రోగ్రాముల సూది కండకి: వారం రోజులు రోజూ, తర్వాత నెలపాటు వారానికొకటి, ఆ పైన నెలకొకటి. పేగు దారి మూసుకుపోయినా పెద్ద డోసు మాత్రలో సుమారు 1 శాతం తనంతట తనే లోపలికి ఇంకుతుంది కాబట్టి నోటి మందూ పనిచేస్తుంది. కానీ వెన్నుపాము దాకా వెళ్ళినప్పుడు నేను సూదినే నమ్ముతాను. పాంటాప్రజోల్ మెల్లగా మాన్పించాను. ఫోలిక్ యాసిడ్ ఆపాను. మెట్‌ఫార్మిన్ అలాగే ఉంచాను, అది మంచి మందు, తప్పల్లా బీ12 చూడకపోవడమే. ఎస్సిటాలోప్రామ్ కదపలేదు. ఒకేసారి అన్నీ మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మొదటి వారం మంటలు పెరిగాయి. ఫోన్లో ఏడ్చారు. ఇలా జరుగుతుందని ముందే చెప్పి ఉంచాను కాబట్టి మానెయ్యలేదు. మూడో వారం తడిగుడ్డ లేకుండా పడుకున్నారు. ఆరో వారానికి పీహెచ్‌క్యూ-9 తొమ్మిదికి దిగింది, మూడో నెలకి అయిదు. ఇది బీ12 గొప్పేనా? నిద్ర పట్టినందుకా? ఎవరో ఒకరు చివరికి తన మాట నమ్మినందుకా? ఒక్క మనిషిలో విడదీసి చెప్పలేను. చీలమండ మీద ట్యూనింగ్ ఫోర్కు నాలుగు క్షణాలు తెలిసింది. అది మాత్రం మనసు చేసే పని కాదు. ఆ తర్వాత నెలల్లో ప్రీగాబాలిన్ కూడా ఆపగలిగాం.

నా తప్పు చీటీ చివరి వరసలో ఉంది. "బీ-కాంప్లెక్స్, రోజుకొకటి" అని రాశాను. ఏ బీ, ఎంత, ఎన్నాళ్ళు, ఏమీ రాయలేదు. చెయ్యి అలవాటు. రోజుకి యాభై చీటీలు రాసేవాడికి ఆ ముక్క సంతకంలాగా అయిపోతుంది.

మళ్ళీ వచ్చారు

మరుసటి ఏడాది ఏప్రిల్లో, అంటే పది నెలలకి, మంటలు తిరిగొచ్చాయి. ఈసారి చేతులకి కూడా. "సంక్రాంతి ముగ్గులప్పుడే తేడాగా అనిపించిందండీ. పిండి వేళ్ళ మధ్య ఎంత ఉందో తెలీట్లేదు. గీత ఒకచోట లావు, ఒకచోట అసలు పడట్లేదు. ఇప్పుడు జాకెట్టు హుక్కులు కూడా ఈయనే పెట్టాల్సొస్తోంది" అన్నారు. భర్త తల దించుకుని నవ్వారు.

షుగరు అదుపులోనే ఉంది. బీ12 దండిగా ఉంది, 900 దాటింది. కళ్ళు మూసుకుని చేతులు చాపమంటే వేళ్ళు వాటంతటవే, వీణ మెట్లు తడుముతున్నట్టు మెల్లగా కదిలాయి. ఏ వేలు ఎక్కడుందో మెదడుకి అందట్లేదు. కండ బలం చెక్కుచెదరలేదు. నరాల కండక్షన్ పరీక్షలో స్పర్శ నరాల సంకేతాలు చేతుల్లోనూ కాళ్ళలోనూ బాగా తగ్గాయి, కదలిక నరాలవి మామూలుగానే ఉన్నాయి. స్పర్శ ఒక్కటే పోయి బలం మిగిలిందంటే, వెన్నుపాము పక్కనుండే స్పర్శ నరాల ముడుల మీద ఏదో పనిచేస్తోందని అర్థం.

"ఇంట్లో ఉన్న మందులన్నీ, విటమిన్లతో సహా, కవర్లో వేసుకు రండి" అన్నాను. మొదటిరోజు అనాల్సిన మాట.

కవరు బల్ల మీద బోర్లించాం. నా చీటీ చూపించి మందులషాపులో తీసుకున్న 'నరాల మాత్ర' పట్టీ వెనక సన్నటి అక్షరాలు భూతద్దంతో చదివాను. పిరిడాక్సిన్ 100 మిల్లీగ్రాములు. పక్కన పెద్ద ప్లాస్టిక్ సీసా. డాలస్‌లో ఉండే అమ్మాయి, అమ్మ దిగులుకి మంచిదని రెడింగ్ వార్త వాట్సాప్‌లో చదివి, దసరాకి ఊరొచ్చిన తెలిసినవాళ్ళతో పంపింది. బీ6, ఒక్కో మాత్ర 100 మిల్లీగ్రాములు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. మొత్తం రోజుకి 300. మనిషికి కావలసింది రెండు మిల్లీగ్రాముల చుట్టూ. ఆరు నెలలు.

"విటమినే కదండీ. ఎక్కువైతే మూత్రంలో పోతుందంటారు కదా?"

ఆవిణ్ణి ఏమనను? మేమూ కాలేజీలో అలాగే చదివాం, నీళ్ళలో కరిగేవి పేరుకోవని. పిరిడాక్సిన్ ఆ పాఠానికి లొంగదు. రోజుకి 2 నుంచి 6 గ్రాములు మింగి నడవలేని స్థితికి వచ్చిన ఏడుగురి గురించి 1983లోనే అమెరికా డాక్టర్లు ప్రచురించారు. ఆ తర్వాత వందల మిల్లీగ్రాములతోనూ, నెలల తరబడి వాడితే ఇంకా తక్కువతోనూ కేసులు బయటపడుతూ వచ్చాయి. అమెరికాలో పెద్దలకి రోజువారీ గరిష్ఠ పరిమితి 100 మిల్లీగ్రాములు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో తన పరిమితిని 12కి తగ్గించింది. ఒక సముద్రం దాటితే ఇంత తేడా. నేను ఐరోపా వైపే ఉంటాను, ముఖ్యంగా నరాలు ముందే దెబ్బతిని ఉన్న మనిషి విషయంలో.

బీ6 తక్కువైనా ఎక్కువైనా మంటే ఎందుకు? మాత్రలోని పిరిడాక్సిన్ పోగుపడి, శరీరం వాడుకునే రూపమైన పిరిడాక్సల్ ఫాస్ఫేటుకి ఎంజైముల దగ్గర పోటీకొస్తుందని ఒక వాదన ఉంది. ప్రయోగశాలలో కొంత ఆధారం కూడా దొరికింది. నాకు నచ్చిన వాదనే, ఇంకా తేలలేదు.

రక్తంలో పిరిడాక్సల్ ఫాస్ఫేటు పంపిస్తే పది రోజులకి రిపోర్టు వచ్చింది. గరిష్ఠ హద్దుకి అయిదు రెట్ల పైన. అప్పటికే రెండూ ఆపించేశాను. ఆపేటప్పుడు ఒక మాట గట్టిగా చెప్పాను: "రెండు మూడు వారాలు ఇంకా పెరగొచ్చు. మాత్ర మానేసినందుకే పెరిగిందనుకుని మళ్ళీ వేసుకోవద్దు." బ్రేకు వేశాక కూడా బండి కొంతదూరం జారినట్టు, బీ6 మానేశాక కూడా నష్టం కొన్ని వారాలు ముందుకే నడుస్తుంది. నిజంగానే పెరిగింది. పద్దెనిమిదో రోజు రాత్రి సీసా మూత తీశారట. భర్త దాన్ని లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఇందులో నాకు బాగా గుచ్చుకున్నది ఒకటే. మొదటిసారి వచ్చినప్పుడు రెండేళ్ళ ఆలస్యానికి ఇతరుల మీద విసుక్కున్నాను, అందరూ షుగరు మీదకి నెట్టేశారని. రెండోసారి నేనూ నాలుగు రోజులు షుగరు మీదే అనుమానపడ్డాను. కవరు అడగడానికి అంతసేపు పట్టింది.

అప్పట్నుంచి నా చీటీలో బీ-కాంప్లెక్స్ అనే మాట లేదు. లోపం తేలితే ఆ విటమిను పేరు, డోసు, ఆపే తేదీ రాస్తున్నాను. మెట్‌ఫార్మిన్ నాలుగేళ్ళు దాటినవాళ్ళకి, ఏళ్ళ తరబడి గ్యాస్ మాత్ర వేసుకునేవాళ్ళకి, కడుపు ఆపరేషన్ అయినవాళ్ళకి, అరవై దాటిన శాకాహారులకి బీ12 చూపిస్తున్నాను. పరీక్ష కోసం పంపేముందు, ఈమధ్య బలం సూది ఏమైనా చేయించుకున్నారా అని అడుగుతున్నాను. చేయించుకుని ఉంటే అంకె బాగానే కనిపిస్తుంది, లోపల ఏముందో చెప్పదు.

ఏడాది తర్వాత లెక్క ఇలా ఉంది. చేతుల తిమ్మిర్లు చాలావరకు పోయాయి. హుక్కులు తనే పెట్టుకుంటున్నారు. మంట పదికి రెండు, చలికాలం మూడు. ఎడమ చీలమండ మీద ట్యూనింగ్ ఫోర్కు ఆరు క్షణాలు, బొటనవేలి మీద ఇంకా ఏమీ లేదు, అది వెనక్కి రాకపోవచ్చని ఆవిడకి చెప్పాను. వెనక పట్టీ ఉన్న చెప్పులు కొనుక్కున్నారు. ఎస్సిటాలోప్రామ్ 5కి తగ్గించాం, పీహెచ్‌క్యూ-9 నాలుగు. నెలకొక బీ12 సూది నడుస్తోంది.

పోయిన నెల వచ్చినప్పుడు సంచిలోంచి కొత్త సీసా తీసి బల్ల మీద పెట్టారు. సీలు తియ్యలేదు. ఈసారి అమ్మాయి మెగ్నీషియం పంపిందట. "మీరు చదివి చెప్పేదాకా ముట్టనన్నాను డాక్టరుగారూ" అని కళ్ళజోడు తీసి నా వైపు జరిపారు. భూతద్దం కోసం సొరుగు లాగాను.